పచ్చగాజు దానం

పువ్వులు పెట్టకూడని పూలకూజాలు కూడా లోకంలో ఉంటాయని వసంతకు ఆ ఇంట్లో పనికి చేరాకే తెలిసింది. కొత్తగూడ వంతెన దిగి కొంచెం లోపలికి పోతే, కాపలావాళ్ళున్న పెద్ద గేటు వెనక సురేంద్ర విల్లా. హాల్లో అడుగు పెట్టగానే గోడంత అద్దాల బీరువా, దాని నిండా ఇంగ్లండు నుంచి తెప్పించిన పాతకాలపు గాజు కూజాలు. గులాబి రంగుది ఒకటి, పాలరంగుది ఒకటి, ఆవకాయ జాడీ అంత లావుది ఒకటి. కొన్నిటికి మూతి దగ్గర కోడిపుంజు జుట్టులాగా కుచ్చిళ్ళు. అక్కడి పాత రాణిగారి కాలంలో దొరల ఇళ్ళల్లో ఉండేవట. సురేంద్ర ఫోను పట్టుకుని కూర్చుని, ఎక్కడో సముద్రాల అవతల జరిగే వేలంపాటలో పాడి కొంటాడు. పొలాలను ప్లాట్లు చేసి అమ్ముకునే కడప మనిషికి ఈ గాజు పిచ్చి ఎక్కడ తగులుకుందో కన్నతల్లి కమలమ్మకే తెలియదు.

వసంతకు మాత్రం వాటిని చూస్తేనే రోత. అవి అందంగా లేక కాదు. వాటిని తుడిచే తద్దినం ఆమెది. చెవిపుల్లలతో కుచ్చిళ్ళ సందుల్లో దుమ్ము తీయాలి. ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడగాలి, గాజులు తీసి పక్కన పెట్టాలి. అంతా అయ్యాక కమలమ్మ టీ పోస్తుంది. బయట అంట్లు తోమే చోట మేకుకు తగిలించి ఉండే స్టీలు గ్లాసు వసంత తెచ్చుకోవాలి, కమలమ్మ జానెడు ఎత్తు నుంచి వంచుతుంది. లక్షల కూజాను వసంత చెయ్యి తాకవచ్చు, వసంత గ్లాసును మాత్రం ఆ ఇంటి గిన్నె అంచు తాకకూడదు.

ఒకసారి హాల్లో ఏదో కుళ్ళిన కంపు మొదలైంది. ఎలుక చచ్చిందని సోఫాలన్నీ జరిపించారు. ఎలుకా లేదు, గిలుకా లేదు. చివరికి పాలరంగు కూజాలో దొరికింది, విందుకొచ్చిన పెద్దమనిషెవరో చీకి పారేసిన కోడి ఎముకలు, మీద జిగటగా బూజు. వసంత వేళ్ళు పెట్టి తీస్తుంటే కమలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "సరిగ్గా తుడిచింటే ఇట్లయ్యేదా మే?" అంది. తిన్నవాడెవడో, తిట్లు ఎవరికో. ఆ పూట వసంతకు అన్నం సహించలేదు.

అన్నిటిలోకీ సురేంద్రకు ప్రాణం పచ్చ కూజా. పగలు చూస్తే లేత నిమ్మకాయ రంగులో అమాయకంగా ఉండేది. చుట్టాలొస్తే కర్టెన్లు దించి, దీపాలార్పి, నీలం టార్చి వేసేవాడు. వెంటనే కూజా తనంతట తనే ఆకుపచ్చగా వెలిగిపోయేది. వచ్చినవాళ్ళు నోళ్ళు తెరిచేవారు, సురేంద్ర మొహం దానికంటే ఎక్కువ వెలిగేది.

ఆ ఇంట్లో వసంతకు మనసుకు దగ్గరైన మనిషి ఒక్కతే, సురేంద్ర భార్య హరిత. హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగం. పొద్దున పోతూ "తిన్నావా వసంతా?" అని అడిగే ఏకైక నోరు అది. పాపం, ఆ పిల్లకు కడుపు నిలవడం లేదు. ఒకటికి రెండుసార్లు పోయింది. రెండోసారి ఆ నెత్తురు దుప్పట్లు ఉతికింది వసంతే. వాషింగ్ మెషీన్లో వేస్తే మెషీన్ మైలపడుతుందని కమలమ్మ అంటే, పెరట్లో కూర్చుని చేతులతో ఉతుకుతూ ఏడ్చింది. కన్నబిడ్డలాంటి పిల్ల అనుకుంది. అందుకే హరితకు మళ్ళీ నెల తప్పి, ఈసారి నిలిచి, కడుపు కనబడసాగేసరికి వసంత దండం పెట్టని దేవుడు లేడు.

అప్పుడే వసంత ఇంట్లోనూ పురుడొచ్చింది. కూతురు రజితకు తొలికాన్పు, తొలికాన్పు పుట్టింట్లోనే కావాలి. కమలమ్మను బతిమాలి సెలవు తీసుకుంది. మహాలక్ష్మిలాంటి మనవరాలు పుట్టింది. పురుడు పోసి, నీళ్ళు పోసి, మళ్ళీ పనిలోకొచ్చిన రోజు శనివారం.

ఆ రోజు మర్యాదలే వేరు. గడపలో అడుగు పెట్టిందో లేదో, కమలమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఏమ్మే వసంతా, ఇట్రా. ఈ పీట మింద కూర్చో."

"నేనా? పీట మీదనా?" అంది వసంత. ఆ ఇంట్లో పీటలు తుడవడమే గాని ఎక్కిన పాపాన పోలేదు.

"కూర్చోమ్మే. నీకు మనవరాలు పుట్టె. వట్టి చేతుల్తో పంపుతానా?"

నుదుట బొట్టు పెట్టింది. రవికెల గుడ్డ, తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు పళ్ళెంలో పెట్టింది. వాటి మధ్య పచ్చ కూజా! వసంత పీట మీద నుంచి లేవబోయింది.

"అమ్మా, గిది సారుకు పానం గదా!"

"వాడే ఇయ్యమన్నాడు లే. చెయ్యి చాపు." చాపిన చేతిలో ఉద్ధరిణెతో నీళ్ళు వదిలింది కమలమ్మ. "పుచ్చుకున్నానని చెప్పు."

"పుచ్చుకున్న."

"ఇంగ లేసి పో. ఈ పూటకు పనేం ల్యా. గేటు దాటేదాంక యెనక్కి తిరిగి చూడగాకు."

పెద్దోళ్ళ పద్ధతులు పెద్దోళ్ళవి అనుకుంది వసంత. హరిత మేడమెట్ల మీద నిలబడి చూస్తోంది గాని దగ్గరికి రాలేదు. వాకిలి దాటుతుంటే లోపల బకెట్లతో నీళ్ళు పోసి గడప కడుగుతున్న చప్పుడు వినబడింది. తిరిగి చూడవద్దన్నారు కనుక చూడలేదు.

చందానగర్ మార్కెట్ వెనక రేకుల గది వాళ్ళది. ఆ సాయంత్రం గల్లీ గల్లీ అంతా వచ్చి చూసిపోయింది. పక్కింటి జయమ్మ బుగ్గలు నొక్కుకుంది. "పెట్టి పుట్టినవే వసంతా! మా ఇంటామె పాత చీర ఇయ్యనీకే పది మాటలంటది." అవతల ఒక అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్‌గా ఉండే ఓదెలు డ్యూటీ దిగి వచ్చి, భార్యను చూసి, కూజాను చూసి, "గిది పెట్టెతందుకు మనకు ఇల్లు గావాలె ముందు," అని నవ్వాడు. రజిత దాన్ని చీర ఉయ్యాల పైనున్న అరలో పెట్టింది. కిటికీ వెలుగు పడితే పసిగుడ్డు కళ్ళు దాని మీదే నిలిచేవి. నాలుగు రోజులు పోయేసరికి పాపకు పాలు తాపే చెంచా కూడా అందులోకే చేరింది. చీమలు పట్టకుండా ఉంటుందని రజిత తెలివి. వసంత మురిసిపోయింది. కనబడ్డవాళ్ళందరికీ "మా అమ్మగారు పీటేసి, బొట్టు పెట్టి ఇచ్చింది," అని చెప్పుకుంది. ఇన్నేళ్ళు ఆ గడపను తిట్టుకున్నందుకు లెంపలేసుకుంది కూడా.

ఆ లెంపలు ఎందుకు వేసుకున్నానా అనుకునే రోజు తొందరగానే వచ్చింది.

ఆ పై ఆదివారం మధ్యాహ్నం విల్లాలో భోజనాలు. సురేంద్రతో కలిసి వ్యాపారం చేసే యశ్వంత్ వచ్చాడు, ఇంకో ఇద్దరు వచ్చారు. వసంత అప్పడాల పళ్ళెం పట్టుకుని తిరుగుతోంది. యశ్వంత్ బీరువా వైపు చూసి అడిగాడు.

"బావా, ఆ వెలిగే పచ్చది యాడికి పోయింది? అమ్మేసినావా?"

"అమ్మలేదప్పా. మా అమ్మ దానమిచ్చేసింది." సురేంద్ర మాంసం ముక్క కొరుకుతూ చెప్పాడు. "హరిత ఫ్రెండు తేజస్విని వచ్చినప్పుడు టార్చేసి చూపిస్తి. ఆయమ్మ చల్లగా చెప్పింది, దాంట్లో యురేనియం కలిపినారంట ఆ కాలంలో. దానికే అట్ల వెలుగుతాదంట. కడుపుతో ఉండే మనిషిని ఇంట్లో పెట్టుకోని ఎవుడుంచుకుంటాడు దాన్ని?"

"పారేయకపోయినావా?"

"మా అమ్మ ఊరుకుంటాదా? జాతకాలు చూసే స్వామికి ఫోను చేసింది. పారేస్తే దోషం వాకిట్లోనే ఉంటాదంట. అమ్మితే దుడ్డుతో పాటు తిరిగొస్తాదంట. మన అన్నం తినేవాళ్ళకు ధారపోసి ఇస్తేనే వాళ్ళెంబడి పోతాదంట."

"ఎవరికిచ్చినారు?"

సురేంద్ర గడ్డంతో వసంతను చూపించాడు. ఆమె అక్కడే ఉంది, చేయి చాపితే అందేంత దూరంలో. గోడకూ కుర్చీకీ చెవులుంటే ఎంత, ఆమెకుంటే ఎంత అన్నట్టు చూపించాడు.

"వాళ్ళకేం కాదు లేప్పా. రాళ్ళు తిని అరిగించుకునే రకం."

నలుగురూ నవ్వారు. యశ్వంత్ నవ్వుతూనే ఆమె పళ్ళెంలోంచి అప్పడం తీసుకున్నాడు.

యురేనియం అంటే ఏమిటో వసంతకు శాస్త్రం తెలియదు. మాట మాత్రం తెలుసు. ఆమె పుట్టిల్లు అచ్చంపేట అవతల, నల్లమల అంచున. ఆ అడవిలో యురేనియం తవ్వుతారని మాట లేచినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు రోడ్ల మీద కూర్చున్నాయి. ముసలామె నీలమ్మ, వసంత తల్లి, తవ్వొద్దని రాసిన అట్ట పట్టుకుని ఎర్రటెండలో నిలబడింది. నీళ్ళు విషమవుతాయి, కడుపులో పిండాలు చెడతాయి అని అక్కడ అందరి నోటా అదే భయం. ఆ పేరు వినగానే వసంతకు ముందుగా కనబడింది తన మనవరాలి పాల చెంచా.

అన్నీ ఒక్కొక్కటే అర్థమయ్యాయి. పీట ఎందుకో, బొట్టు ఎందుకో, చేతిలో నీళ్ళెందుకో, వెనక్కి చూడొద్దన్నది ఎందుకో, గడప కడిగింది ఎందుకో. గాజులో కలిపిన విషానికి శనిదోషానికి చేసినట్టు శాంతి చేసిన ఘనులు! చదువుకున్న కొడుకు, చదువుకున్న కోడలు, గుళ్ళో హుండీ నింపే తల్లి. పురుడైందని ఫోను చేసినప్పుడు "పాపా, బాబా?" అని అడిగిన నోరే కమలమ్మది. పసిబిడ్డ ఉన్న ఇల్లని తెలిసే ఇచ్చారు. వసంత చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టి, పెరట్లోకి పోయి, అంట్ల దగ్గరే భళ్ళున కక్కుకుంది. మేకుకు వేలాడుతున్న తన స్టీలు గ్లాసు చూస్తే మళ్ళీ వాంతి వచ్చింది. ఛీ, ఇన్నేళ్ళు వీళ్ళ టీ తాగానా అనుకుంది.

ఆటో పట్టుకుని చందానగర్ చేరింది. గదిలోకి పోయేసరికి పాప ఉయ్యాలలో మెలకువగా ఉంది, అరలో మెరుస్తున్న పచ్చదనాన్నే చూస్తోంది. వసంత కొంగుతో కూజాను పట్టుకుని బయట బాత్రూము గోడ పక్కన పెట్టి, మీద గంప బోర్లించింది. చెంచా తీసి మురికినీళ్ళ మోరీలో పారేసింది. చేతులు సబ్బుతో కడిగింది, బూడిదతో కడిగింది, మళ్ళీ సబ్బుతో కడిగింది. సంగతి విన్న రజిత బిడ్డను గుండెకు అదుముకుని ఏడ్చింది.

"నా బిడ్డకేమన్న అయితదా అమ్మా?"

"ఏం గాదు, ఊకో," అంది వసంత. ఏం కాదో, ఏమవుతుందో ఆమెకేం తెలుసు?

ఓదెలు వచ్చి విని, కర్ర తీశాడు. "పలగ్గొట్టి మోరీల పడేస్త."

"మోరీ ఎవలు తీస్తరు? మున్సిపాలిటీ కొమురయ్యనే గదా చేతులు పెట్టి తీసేది."

"అయితె పాత సామాన్లోనికి ఎయ్యి, ఉల్లిగడ్డన్న ఇస్తడు."

"వాని ఇంట్ల పిల్లలు లేరా? రెండు కిలోల ఉల్లిగడ్డ కోసం నేను గూడ కమలమ్మనైతనా?"

ఓదెలు కర్ర పక్కన పడేశాడు. ఎటు తిప్పినా ఆ దరిద్రం ఇంకో పేదవాడి చేతిలోనే పడేలా ఉంది. పల్లానికే కదా నీళ్ళు పారేది. దాన్ని మళ్ళీ మిట్టకు ఎక్కించాలంటే ఒకటే దారి కనబడింది వసంతకు.

తర్వాత పనికి పోలేదు. పాపకు బాగాలేదంది. శుక్రవారం హరిత సీమంతం. గురువారం నాడే కమలమ్మ ఫోను. "ఏం మే, ఇంత కార్యం పెట్టుకుంటే రాకపోతివే! అంట్లెవరు తోముతారు? రేపు పొద్దన్నే రా."

"అస్తనమ్మా," అంది వసంత. "తప్పకుంట అస్త."

పొద్దున తలంటుకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుంది. కూజాను గుడ్డతో పట్టుకుని కడిగి, కమలమ్మ పెట్టిన ఆ రవికెల గుడ్డలోనే చుట్టింది. మీద తమలపాకులు, వక్కలు, పసుపు కుంకుమ పొట్లాలు పెట్టింది. విల్లా అంతా బంతిపూల దండలు. హాలు నిండా పట్టుచీరలు, మధ్యలో కుర్చీలో హరిత, చేతుల నిండా గాజులు, చెంపలకు పసుపు. ఆ మొహం చూసి వసంత ఒక్క క్షణం ఆగింది. ఆ కడుపులో ఉన్నది ఏం పాపం చేసింది? హరిత ఒడిలో పెట్టాలన్న ఆలోచన ఆమెకు ఏనాడూ రాలేదు. గుమ్మంలో వచ్చినవాళ్ళకు గంధం రాస్తూ నిలబడ్డ కమలమ్మ దగ్గరికే నడిచింది.

"అమ్మా, బొట్టు వెట్టుకోండ్రి."

పసుపు కుంకుమ ఎదురైతే పుణ్యస్త్రీ చేతులు వాటంతట అవే ముందుకొస్తాయి. ఎవరిస్తున్నారు, ఏమిస్తున్నారు అని చూడవు. కమలమ్మ నుదురు వంచి బొట్టు పెట్టించుకుంది, రెండు చేతులూ చాపి అందుకుంది. బరువు తగిలాకే గుడ్డ తొలగించి చూసింది. కుచ్చిళ్ళ మూతి, నిమ్మకాయ రంగు.

"ఓ పాపిష్టిదానా!" హాలంతా అటు తిరిగింది. "కడుపుతో ఉండే పిల్ల ఉన్న ఇంట్లోకి దీన్ని తెస్తావా? నీకు మనసెట్లొచ్చె?"

"నా ఇంట్ల బాలింత ఉన్నది గదమ్మా. పసిగుడ్డున్నది. మీకు మనసెట్లొచ్చిందో గట్లనే అచ్చింది."

"పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని కొట్లాడినట్టుంది! ఎంత ఖరీదో తెలుసునా నీకు?"

"గంత ఖరీదుదైతె ఉంచుకోండ్రి. కాకిపిల్ల కాకికి ముద్దమ్మా. మీ పిల్ల మీకెంతనో మా పిల్ల మాకంతే."

పట్టుచీరలు గుసగుసలాడాయి. సురేంద్ర గబగబా వచ్చాడు గాని తల్లి చేతిలో ఉన్నదాన్ని చూసి ఆగిపోయాడు. కమలమ్మ దాన్ని కింద పెట్టలేకపోయింది, పట్టుకోనూ లేకపోయింది. చుట్టూ చూసింది, ఎవరైనా అందుకుంటారేమోనని. ఒక్క చేయీ లేవలేదు. అప్పుడు హరిత కుర్చీలోంచి లేచి వచ్చింది.

"వసంతా, నా మాట విను. భయపడాల్సిందేం లేదు. నువ్వు తీసుకుపోయిన మర్నాడే నేను చదివినాను, డాక్టర్ను కూడా అడిగినాను. అట్ల బీరువాలో పెట్టుకుంటే ఎవరికీ ఏం కాదంట. నిజంగా. నీ మనవరాలికేం కాదు."

వసంత గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నిజమేనా బిడ్డా? నా మీద ఒట్టేనా?"

"ఒట్టు."

"నీ నోట్ల చక్కెర వొయ్య. మంచి మాట చెప్పినవ్." కొంగుతో కళ్ళు తుడుచుకుని కమలమ్మ చేతుల్లోంచి కూజాను తీసుకుంది. దాన్ని రెండు చేతులతో హరిత ముందుకు చాపింది. "ఏం గాదంటే అందుకో తల్లీ. మీ బీరువల మీరు పెట్టుకోండ్రి."

హరిత చేతులు లేచాయి. కూజా వైపు కాదు. గాజులు గలగలమంటుండగా రెండు చేతులూ కడుపు మీదికి పోయాయి, అడుగు వెనక్కి పడింది. తాను ఏం చేసిందో ఆమెకే తర్వాత తెలిసింది. మొహం పసుపు కింద పాలిపోయింది.

అందరిలోకీ ఈ పిల్ల వేరు అనుకుంది వసంత ఇన్నాళ్ళూ. దుప్పట్లు ఉతికిన చేతులతోనే కూజాను తీసుకుపోయి బీరువా తలుపు తెరిచి, దాని పాత చోట్లో పెట్టి, తలుపు వేసింది. నోటి నిండా నీళ్ళూరాయి, ఆదివారం నాడు వాంతికి ముందు ఊరినట్టే. ఆ ఇంట్లో ఉమ్మేయడానికి మనసొప్పలేదు, ఎంతైనా సీమంతపు ఇల్లు.

పెరట్లోకి పోయి మేకుకున్న తన స్టీలు గ్లాసు తీసుకుంది. చెప్పులు తొడుక్కుని, కమలమ్మ నేర్పినట్టే, వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. గేటు దాటాక ఆగి, నోట్లో ఆపుకున్నదంతా తుపుక్కున ఉమ్మేసింది.